డీలింగ్ రూమ్ నుంచి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌కు: మూడేళ్లు దాటితే ఎందుకు కష్టం?

2024 అక్టోబర్ 15న హ్యుందాయ్ మోటార్ ఇండియా ఐపీఓ మొదలైంది. విలువ రూ. 27,870 కోట్లు. దేశంలో అప్పటివరకు అంత పెద్ద పబ్లిక్ ఇష్యూ రాలేదు. 2022లో వచ్చిన ఎల్ఐసీ ఐపీఓ రికార్డు (సుమారు రూ. 21 వేల కోట్లు) దీంతో చెరిగిపోయింది. షేరు ధర రూ. 1,960. మూడు రోజుల్లో ఇష్యూకు మొత్తం మీద 2.37 రెట్ల బిడ్లు వచ్చాయి. కానీ పెద్ద సంస్థలకు కేటాయించిన వాటాకు దాదాపు ఏడు రెట్ల బిడ్లు వస్తే, చిన్న మదుపరుల వాటాలో సగమే నిండింది. అక్టోబర్ 22న లిస్టయిన రోజు షేరు ఇష్యూ ధర కంటే కిందే ముగిసింది.

ఈ ఇష్యూ వెనుక పనిచేసిన వాళ్లు రెండు గుంపులు. కంపెనీ తన ముసాయిదా ప్రాస్పెక్టస్‌ను జూన్‌లోనే సెబీకి సమర్పించింది. అంటే అంతకు ముందు నుంచే మర్చంట్ బ్యాంకర్లు, లాయర్లు, ఆడిటర్లు కూర్చుని వందల పేజీల పత్రం తయారు చేస్తూ వచ్చారు. వీళ్లది ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్. రెండో గుంపుకు పని ఇష్యూ దగ్గర పడ్డాకే వస్తుంది. మ్యూచువల్ ఫండ్లకు, బీమా సంస్థలకు, విదేశీ ఫండ్లకు ఫోన్లు చేసి, వాళ్ల సందేహాలు తీర్చి బిడ్లు వేయించేది సేల్స్ విభాగం. లిస్టింగ్ గంట మోగిన క్షణం నుంచి వాళ్ల తరఫున కొని అమ్మేది ట్రేడింగ్ విభాగం.

బయటి నుంచి చూసేవాళ్లకు ఇవన్నీ ఒకే సంస్థలోని ఉద్యోగాలు. తరచూ ఒకే భవనంలో, రెండు మూడు అంతస్తుల తేడాతో ఉంటాయి. అయినా సేల్స్, ట్రేడింగ్‌లో చేరిన కుర్రవాళ్లలో ఏడాది, రెండేళ్లు తిరిగేసరికి ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ వైపు చూసేవాళ్లు చాలామంది ఉంటారు, మారగలిగేది కొందరే. లిఫ్టులో రెండు నిమిషాల ఆ దూరం ఉద్యోగంలో ఎందుకంత కష్టమవుతుంది?

డెస్కులు ఎందుకు ఖాళీ అవుతున్నాయి?

మారాలన్న కోరికకు మొదటి కారణం భయం. న్యూయార్క్‌లోని గోల్డ్‌మన్ శాక్స్ కేంద్ర కార్యాలయంలో 2000 నాటికి ఖాతాదారుల తరఫున షేర్లు కొని అమ్మే ట్రేడర్లు సుమారు 600 మంది ఉండేవారు. 2017 నాటికి ఇద్దరే మిగిలారని వచ్చిన వార్త ప్రపంచమంతా చర్చకు దారితీసింది. మిగతా పని కంప్యూటర్లది, వాటిని నడిపే ఇంజినీర్లది అయింది. 2008 సంక్షోభం తర్వాత అమెరికా తెచ్చిన డాడ్-ఫ్రాంక్ చట్టం (2010)లోని వోల్కర్ నిబంధన, బ్యాంకులు సొంత డబ్బుతో పందేలు కాయడాన్ని బిగించింది. యూబీఎస్ 2012లో బాండ్ల ట్రేడింగ్‌ను బాగా కుదించుకుంటూ 10 వేల ఉద్యోగాలకు కోత ప్రకటించింది. డాయిష్ బ్యాంక్ 2019 జులైలో షేర్ల ట్రేడింగ్ వ్యాపారం నుంచే తప్పుకుంటూ 18 వేల ఉద్యోగాలు తీసేస్తామని చెప్పింది.

మన దగ్గర పరిస్థితి అంత తీవ్రంగా లేదు కానీ దిశ అదే. సంస్థాగత మదుపరుల నుంచి వచ్చే బ్రోకరేజీయే సేల్స్, ట్రేడింగ్ డెస్కులకు జీవనాధారం. 2025 అక్టోబర్‌లో సెబీ ఒక ప్రతిపాదన తెచ్చింది. మ్యూచువల్ ఫండ్లు నగదు మార్కెట్‌లో చెల్లించే బ్రోకరేజీని తమ పథకాల ఖాతాలో రాసుకోవడానికి అప్పటిదాకా ఉన్న పరిమితి 0.12 శాతం. దాన్ని 0.02 శాతానికి తగ్గించాలన్నది ఆ ప్రతిపాదన. బ్రోకరేజీ సంస్థల షేర్లు వెంటనే పడ్డాయి. పరిశ్రమ గగ్గోలు పెట్టాక డిసెంబర్‌లో సెబీ అంత కఠినంగా కాకుండా మధ్యేమార్గంలో పరిమితిని ఖరారు చేసింది. అయినా ఏ డెస్క్ మీద కూర్చున్న కుర్రవాడికైనా సంకేతం అర్థమైపోతుంది: ప్రతి ఆర్డరు మీద వచ్చే ఆదాయం తగ్గుతుందే తప్ప పెరగదు.

దీనికి తోడు హోదా విషయమూ ఉంది. ఒకప్పుడు ట్రేడర్లదే పైచేయి. గోల్డ్‌మన్‌ను 2006 నుంచి 2018 వరకు నడిపిన లాయిడ్ బ్లాంక్‌ఫైన్ బంగారం, ఇతర సరకుల ట్రేడింగ్ విభాగంలో ఎదిగిన మనిషి. ఆయన తర్వాత పగ్గాలు చేపట్టిన డేవిడ్ సాలమన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ విభాగానికి నాయకత్వం వహించి వచ్చారు. ఇద్దరు వ్యక్తులను చూసి పరిశ్రమ మొత్తాన్ని అంచనా వేయలేం కానీ, కొత్తగా చేరినవాళ్లు ఇలాంటివే చూసి లెక్కలు వేసుకుంటారు.

రోజు ఎలా గడుస్తుంది?

డీలింగ్ రూమ్‌లో రోజు ఉదయం ఏడున్నర, ఎనిమిదికే మొదలవుతుంది. రాత్రి అమెరికా మార్కెట్లలో ఏం జరిగింది, ఏ కంపెనీ ఫలితాలు వచ్చాయి, ఏ ఫండ్ దేనికోసం వెతుకుతోంది అన్నది 9.15కు మార్కెట్ తెరిచేలోపు తెలిసి ఉండాలి. 3.30 వరకు కళ్లు స్క్రీన్ మీద, చెవి ఫోన్ మీద. ఆ ఫోన్ కాల్స్ రికార్డవుతాయి. సొంత మొబైల్‌ను లోపలికి రానివ్వరు. సాయంత్రానికి రోజు ఫలితం ఒక అంకెగా తేలిపోతుంది. ఎంత వ్యాపారం చేశారు, ఎంత నష్టపోయారు అన్న విషయంలో వాదనకు తావుండదు. ఆరు గంటలకు ఇంటికి వెళ్లొచ్చు.

ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో అలాంటి సాయంత్రం ఉండదు. పగలంతా పైవాళ్లు క్లయింట్లతో సమావేశాల్లో ఉంటారు. రాత్రి తొమ్మిదికి వాళ్ల వ్యాఖ్యలు కిందికి వస్తాయి. తెల్లారేసరికి ప్రెజెంటేషన్ మారాలి. ప్రాస్పెక్టస్‌లోని ప్రతి అంకెకు ఆడిటర్ నుంచో, కంపెనీ రికార్డుల నుంచో ఆధారం చూపించాలి. ఆ ఆధారాలను వెతికి సరిచూసే పని చిన్నవాళ్లదే. 2021లో గోల్డ్‌మన్‌లో తొలి ఏడాది అనలిస్టులు 13 మంది తమలో తాము జరుపుకున్న సర్వే బయటికి వచ్చింది. వారానికి సగటున 95 గంటలు పనిచేస్తున్నామని అందులో చెప్పారు. చిన్న స్థాయి బ్యాంకర్ల పనివేళలు సాధారణంగా వారానికి 80 గంటలు దాటకూడదని జేపీ మోర్గాన్ 2024లో పరిమితి పెట్టినప్పుడు దాన్ని ఉదారతగా చూశారంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

పని గంటల కంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఫలితం కోసం ఎదురుచూడటం. రోజూ సాయంత్రం తన మార్కులు తెలుసుకోవడానికి అలవాటు పడిన మనిషి, తొమ్మిది నెలలు పనిచేసిన డీల్ ప్రమోటర్ కుటుంబంలో అభిప్రాయభేదాల వల్ల ఆగిపోవడాన్ని తట్టుకోలేడు. మారాక ఏడాదిలోపే వెనక్కి చూసేవాళ్లలో ఎక్కువమంది బాధ ఇదే.

ఏది పనికొస్తుంది, ఏది కొత్తగా నేర్చుకోవాలి?

ముంబయిలో ఒక బ్రోకరేజీ సంస్థ సేల్స్ డెస్క్‌లో రెండేళ్లుగా ఫార్మా షేర్లు చూస్తున్న తెలుగు యువకుడిని ఊహించుకుందాం. హైదరాబాద్ కంపెనీల ఫలితాలన్నీ అతనికి కంఠతా వచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీ అధికారులు ఏదో ప్లాంటులో లోపాలు రాసి ఫారం 483 ఇచ్చారని తెలియగానే, ఏ ఫండ్ మేనేజర్ మొదట ఫోన్ చేస్తారో, ఏం అడుగుతారో, ఏ జవాబుకు శాంతిస్తారో అతను చెప్పగలడు. ఒక ఫార్మా కంపెనీ నిధులు సేకరించాలనుకున్నప్పుడు ఈ జ్ఞానానికి చాలా విలువ ఉంది. ఏ ధర దగ్గర మదుపరులు వెనక్కి తగ్గుతారన్నది మూడేళ్లుగా ఎక్సెల్ షీట్లు చేస్తున్న బ్యాంకర్‌కు తెలియకపోవచ్చు. హ్యుందాయ్ ఇష్యూలో చిన్న మదుపరుల వాటా సగమే నిండటం లాంటి సంకేతాన్ని ముందే పసిగట్టగలిగేది మార్కెట్‌తో రోజూ మాట్లాడే మనిషే.

కానీ ఇంటర్వ్యూలో అతన్ని అడిగేది అది కాదు. తరుగుదల రూ. 10 కోట్లు పెరిగితే మూడు ఆర్థిక పట్టికల్లో ఏమేం మారతాయి? పాతికేళ్లుగా అడుగుతున్న ప్రశ్న ఇది. పన్ను 25 శాతం అనుకుంటే, పన్నుకు ముందు లాభం 10 కోట్లు తగ్గుతుంది, పన్ను రెండున్నర కోట్లు తగ్గుతుంది, నికర లాభం ఏడున్నర కోట్లు తగ్గుతుంది. తరుగుదల రూపంలో డబ్బు బయటికి పోదు కాబట్టి నగదు ప్రవాహ పట్టికలో ఆ 10 కోట్లను తిరిగి కలుపుతారు. అంటే చేతిలో నగదు రెండున్నర కోట్లు పెరుగుతుంది. బ్యాలెన్స్ షీట్‌లో స్థిరాస్తులు 10 తగ్గి, నగదు రెండున్నర పెరిగి, ఆస్తులు మొత్తం ఏడున్నర తగ్గుతాయి. అటుపక్క నిల్వ లాభాలు కూడా ఏడున్నర తగ్గి రెండు వైపులా సరిపోతాయి. లాభం తగ్గి నగదు పెరగడం వింతగా అనిపిస్తుంది. ఆ వింతలో తడబడకుండా చెప్పగలడా అన్నదే పరీక్ష.

దీనికి జవాబు బట్టీ పట్టొచ్చు. అసలు కష్టం తర్వాతి ప్రశ్నల్లో వస్తుంది. కంపెనీ ఖాతాల్లో చూపే తరుగుదల, ఆదాయపు పన్ను లెక్కలో తీసుకునే తరుగుదల వేరు కదా, అప్పుడేమవుతుంది? వర్కింగ్ క్యాపిటల్ పెరిగితే? అప్పు తెచ్చి కంపెనీని కొంటే? ట్రేడర్ అలవాటు ధరను చూసి ప్రతిస్పందించడం. బ్యాంకర్ అలవాటు ఆ ధర ఎక్కణ్నుంచి వచ్చిందో మొదటి వరుస నుంచి కట్టుకుంటూ రావడం. చదువుకున్నదే అయినా రెండేళ్లు వాడకపోతే చేతికి రాదు. అందుకే మారాలనుకునేవాళ్లు తమకు బాగా తెలిసిన రంగంలో ఒక నిజమైన కంపెనీని తీసుకుని, దాని వార్షిక నివేదికలతో మొదటి నుంచి మోడల్ కట్టుకోవడం కోచింగ్ వీడియోల కంటే మేలు. సెబీ వెబ్‌సైట్‌లో ముసాయిదా ప్రాస్పెక్టస్‌లన్నీ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ‘ఇష్యూ ధరకు ఆధారం’ అనే అధ్యాయం ఒకటి ఉంటుంది. పది కంపెనీల్లో అదొక్కటి వరుసగా చదివినా బ్యాంకర్ ఎలా ఆలోచిస్తాడో చాలావరకు తెలుస్తుంది. ఎన్ఐఎస్ఎం నిర్వహించే మర్చంట్ బ్యాంకింగ్ పరీక్ష కూడా ఉంది. దానితో ఉద్యోగం రాదు కానీ ఆసక్తి నిజమైనదేనని చూపడానికి పనికొస్తుంది.

మధ్యలో ఉన్న గోడ

లోపలే బదిలీ అడగొచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. అడగొచ్చు, అందరికంటే సులువైన దారీ అదే. కానీ ఈ రెండు విభాగాల మధ్య చట్టం కట్టించిన గోడ ఒకటుంది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకర్లకు కంపెనీల రహస్యాలు ముందే తెలుస్తాయి: ఎవరు ఎవర్ని కొనబోతున్నారు, ఎవరు వాటా అమ్మబోతున్నారు. ఆ సమాచారం ట్రేడింగ్ డెస్క్‌కు చేరితే అది ఇన్‌సైడర్ ట్రేడింగ్. సెబీ 2015 నిబంధనలు దీన్ని ‘చైనా గోడ’ పేరుతోనే ప్రస్తావిస్తూ, గోడ దాటించే పద్ధతి కూడా రాతపూర్వకంగా ఉండాలంటాయి. ఎవరికి ఏ రహస్యం ఎప్పుడు చెప్పారో డిజిటల్ రికార్డు ఉంచాలి. సెబీ చట్టం ప్రకారం ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కు జరిమానా కనీసం రూ. 10 లక్షలు. గరిష్ఠంగా రూ. 25 కోట్లు లేదా సంపాదించిన లాభానికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది.

గోడ వల్ల ఒక చిన్న చిక్కు ఉంది. డీలింగ్ రూమ్‌లోని మనిషి కాఫీ తాగుతూ బ్యాంకింగ్ విభాగంలోని సీనియర్‌ను కలిసి ‘ఏ డీల్స్ మీద పనిచేస్తున్నారు’ అని అడగకూడదు. పరిచయాలు పెంచుకోవాల్సిన మనిషికి సహజంగా అడగాలనిపించే ప్రశ్న అదే, నిషిద్ధమైనదీ అదే. పూర్తయి పేపర్లలో వచ్చిన డీల్స్ గురించి మాట్లాడితే చిక్కు లేదు. మారాక సొంత డీమ్యాట్ ఖాతా మీద కూడా ఆంక్షలు బిగుస్తాయి. సంస్థ పనిచేస్తున్న కంపెనీల షేర్లు ముట్టుకోకూడదు, మిగతావాటికీ ముందస్తు అనుమతి కావాలి.

గోడ మీదే కూర్చునే విభాగం ఒకటుంది. ఈక్విటీ క్యాపిటల్ మార్కెట్స్, వాడుకలో ఈసీఎం. ఇష్యూకు ధర ఎంత పెట్టాలి, ఏ వారంలో తేవాలి, యాంకర్ మదుపరులుగా ఎవర్ని పిలవాలి అన్నవి వీళ్లు చూస్తారు. కంపెనీతోనూ, మార్కెట్‌తోనూ మాట్లాడాలి కాబట్టి సేల్స్ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ విలువ ఎక్కువ. బాండ్ల డెస్క్ నుంచి వచ్చినవాళ్లకు డెట్ క్యాపిటల్ మార్కెట్స్ అలాంటిదే. నేరుగా విలీనాలు, కొనుగోళ్ల విభాగానికి దరఖాస్తు పెట్టుకుని తిరస్కారం పొందేకంటే, ఏడాదిన్నర ఈసీఎంలో పనిచేసి అక్కణ్నుంచి కదలడం ఎక్కువమందికి సాధ్యమైన దారి. అయితే అక్కడే స్థిరపడిపోయేవాళ్లూ ఉన్నారు.

రెండు వైపులా కాళ్లు పెట్టే ఈ చోటే అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా. పెద్ద మొత్తంలో షేర్లను ఒకేసారి అమ్మే బ్లాక్ డీల్స్ సమాచారాన్ని కొందరు మదుపరులకు ముందే చేరవేశారన్న ఆరోపణలపై మోర్గాన్ స్టాన్లీ 2024 జనవరిలో అమెరికా అధికారులతో 24.9 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి పరిష్కరించుకుంది. మార్కెట్ నాడి తెలుసుకోవడానికి చేసే ఫోన్ కాల్‌కు, రహస్యం చెప్పేసే ఫోన్ కాల్‌కు మధ్య దూరం కొన్నిసార్లు ఒక్క వాక్యమే. డీలింగ్ రూమ్ నుంచి వచ్చిన మాటకారి ఈ విషయంలో మిగతావాళ్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మూడేళ్ల లెక్క

తొలి ఏడాది అయితే బదిలీ దాదాపు పొరపాటును సరిదిద్దుకోవడంలాగే ఉంటుంది. కొత్తగా వచ్చే బ్యాచ్‌తో కలిపేస్తారు. రెండో ఏడాది ఒక మెట్టు దిగాల్సి రావచ్చు. మూడేళ్లు దాటాక సమస్య స్వభావమే మారిపోతుంది. ఆ వయసు బ్యాంకర్ నుంచి కింద ఇద్దరు అనలిస్టుల పనిని సరిచూడటం ఆశిస్తారు. తానే ఎప్పుడూ మోడల్ కట్టని మనిషి ఇంకొకరి మోడల్‌లో తప్పు పట్టలేడు. అలాగని జీతం తగ్గించుకుని కింద మెట్టు మీద చేరతానన్నా మేనేజర్లు ఇష్టపడరు, ఏడాదికే అసంతృప్తితో వెళ్లిపోతాడన్న అనుమానం వాళ్లది. మరోవైపు డెస్క్ మీద బాగా రాణిస్తున్నవాడికి బోనస్ పెరుగుతూ ఉంటుంది. చదువు కోసం తీసుకున్న పాతిక, ముప్పై లక్షల అప్పు వాయిదాలు నడుస్తుంటే, ఇంట్లో పెళ్లి మాటలు మొదలైతే వెనకడుగు మరింత భారం. ఆ దశలో మిగిలేది ప్రధానంగా ఎంబీఏ. ఐఐఎంలో గానీ, హైదరాబాద్ ఐఎస్‌బీలో గానీ, విదేశాల్లో గానీ చదివి క్యాంపస్ నుంచి కొత్తగా మొదలుపెట్టడం. ఇప్పటికే ఎంబీఏ చేసినవాళ్లకు ఆ తలుపు కూడా సగమే తెరిచి ఉంటుంది.

సమయం విషయంలో మరో చిక్కు, ఈ వ్యాపారం ఎప్పుడూ ఒకేలా ఉండకపోవడం. ప్రధాన ఎక్స్ఛేంజీల్లో ఐపీఓల ద్వారా 2021లో సుమారు రూ. 1.2 లక్షల కోట్లు వస్తే, 2022లో అది సగానికి పడింది. 2023లో రూ. 50 వేల కోట్ల లోపే. 2024లో ఏకంగా రూ. 1.6 లక్షల కోట్లు. బ్యాంకులు బయటి విభాగాల వాళ్లను తీసుకోవడానికి మెత్తబడేది మనుషులు చాలని ఇలాంటి ఏళ్లలోనే. మార్కెట్ చల్లబడితే ముందుగా చూసేది ఆఖర్న చేరినవాళ్ల వైపే. ఉప్పెన మీద ఎక్కిన మనిషి అది తగ్గేలోపు రెండు మూడు డీల్స్ పూర్తి చేసి తన పేరు మీద చూపించుకోగలగాలి.

ఫీజుల గురించి కూడా భ్రమలు అక్కర్లేదు. ప్రభుత్వ రంగ సంస్థల వాటాల అమ్మకాల్లో లీగ్ టేబుల్ ర్యాంకు కోసం బ్యాంకులు రూపాయి ఫీజుకు పనిచేయడానికి పోటీ పడిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి.

హైదరాబాద్ నుంచి చూస్తే

తెలుగు రాష్ట్రాల యువతకు ఈ చర్చలో ఇంకో మెలిక ఉంది. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, 2021లో వచ్చిన గోల్డ్‌మన్ శాక్స్ లాంటి సంస్థల హైదరాబాద్ కేంద్రాల్లో వేలమంది పనిచేస్తున్నారు. ట్రేడ్ సపోర్ట్, సెటిల్‌మెంట్లు, రోజువారీ లాభనష్టాల సరిచూపు లాంటి పనులు చేస్తూ చాలామంది తాము ‘ట్రేడింగ్’లో ఉన్నామనే అనుకుంటారు. నియామకాలు చేసేవాళ్లు అలా అనుకోరు. ట్రేడ్‌ను నమోదు చేయడం వేరు, క్లయింట్‌తో మాట్లాడి ధర చెప్పడం వేరు. అక్కణ్నుంచి ముంబయి డీల్ టీముకు ఒక్క గెంతులో వెళ్లడం అరుదు. దానికంటే ఇలాంటి కేంద్రాల్లో బ్యాంకర్లకు విశ్లేషణలు, ప్రెజెంటేషన్లు తయారుచేసే బృందాలు ఎక్కడున్నాయో చూసుకుని ముందు వాటిలోకి మారితే మోడల్ కట్టే అలవాటు వస్తుంది, తర్వాతి అడుగుకు ఆధారం దొరుకుతుంది.

హైదరాబాద్‌కు ఇంకో వైపు కూడా ఉంది. గ్లాండ్ ఫార్మా 2020లో సుమారు రూ. 6,480 కోట్ల ఐపీఓకు వచ్చింది. ఫార్మా, ఇంజినీరింగ్, నిర్మాణ రంగాల్లో తెలుగు ప్రమోటర్ల కంపెనీలు నిధుల కోసం తరచూ మార్కెట్‌కు వస్తూనే ఉన్నాయి. కుటుంబ పెద్దతో తెలుగులో మాట్లాడి, వాటా అమ్మకం గురించి ఆయన మనసులో అసలేముందో తెలుసుకోగల మనిషి ఉంటే ముంబయి బృందానికి లాభమే. డీలింగ్ రూమ్‌లో ఎవరూ పట్టించుకోని ఈ అర్హత ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గది.

ఎప్పుడు అడగాలన్నది కూడా ఆలోచించి తేల్చుకోవాలి. దేశీయ సంస్థల్లో ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది, బోనస్ ఆ తర్వాత వస్తుంది. అది చేతికి రాకముందే పైఅధికారికి విషయం తెలిస్తే ఆ ఏడాది బోనస్ మీద ఆశ వదులుకోవాల్సిందే. బోనస్ వచ్చాక రాజీనామా ఇచ్చి, రెండు మూడు నెలల నోటీసు గడిపి కొత్త సీట్లో కూర్చునేసరికి జులై, ఆగస్టు అవుతుంది. ముసాయిదా ప్రాస్పెక్టస్‌లోని ఆడిట్ అయిన లెక్కలు ఆర్నెల్ల కంటే పాతవి కాకూడదన్నది సెబీ నిబంధన. మార్చి లెక్కలతో వెళ్లదలచుకున్న కంపెనీలన్నీ సెప్టెంబర్ ఆఖరులోపు దాఖలు చేయడానికి ఎగబడతాయి. అంటే కొత్త మనిషి మొదటి రెండు నెలలు, ఇంకా ఎవరి పేరు ఏమిటో తెలియకముందే, ఆ పత్రాల మధ్యే గడుస్తాయి.